రమ్మన్నది మేమే

పాలపిండి, గోధుమనూక చూపించి తెల్లదొరలు మిమ్మల్ని చర్చీకి పిలిచారంట గదా అని మా బడి స్టాఫ్‌రూంలో ఒక మాస్టారు నవ్వుతా అన్నాడు.

కాదు మాస్టారూ. మమ్మల్ని పిలిచింది మావాడే. ఎర్రగుంట్ల పేరయ్య, మాదిగ. 1866లో బాప్తిస్మం తీసుకుని, తోళ్ల బేరానికి తిరిగిన ఊళ్లే మళ్లీ తిరిగి తనవాళ్లని పిలిచాడు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని పెద్దకులాలోళ్లు ఒంగోలు క్లౌ దొరకి చెప్పారు. రాకపోతే మానె. మేం వచ్చాం.

ఊరి గుడి మమ్మల్ని రావద్దంది. మా గుడి ఎవర్నీ వద్దనలేదు. మా అమ్మ తను కలుపు తీసే చేను ఆసామి భార్యని ప్రతి క్రిస్మస్‌కీ పిలిచేది, 'అమ్మా, మా గుడికి రాండి' అని. 'పల్లెలోకా?' అనేది ఆమె. ఎన్నడూ రాలేదు.

నాకు చదువొచ్చింది, ఉద్యోగమొచ్చింది, అమ్మకున్న నోరు మాత్రం పోయింది. క్రీస్తుని ఒప్పుకుంటే నేను ఎస్సీ కాదంటది 1950 ఉత్తర్వు. బీసీ-సీలో ఒక్క శాతానికి పొమ్మంటది. 1956లో సిక్కులకీ 1990లో బౌద్ధులకీ తీసిన తలుపు మాకు తియ్యలేదు. మతం మారితే కులం పోద్దంట. ఆ ముక్క ఆసామి భార్యకి ఎవరూ చెప్పలేదేం?

ఇన్నాళ్లూ భయపడి ఎవర్నీ పిలవలేదు. ఇప్పుడు పిలుస్తన్నా. మాస్టారూ, ఈ ఆదివారం మా గుడికి రండి. పల్లెలోకే.