దత్తుని తండ్రి ఎవరు?
అమెరికానుండి సెలవులకు నందిగామ వచ్చిన యువకుడొకడు, చిన్న గొట్టములో ఉమ్మి పంపి తెప్పించుకొన్న ఫలితమును సెల్‌ఫోనులో చూపి, తమ మూలపురుషుడు వై క్రోమోజోము వర్గములలో ‘హెచ్’ అను శాఖవాడని చెప్పగా, తాతగారు ‘‘అయితే మన గోత్రము మారినదా?’’ అని యడిగిరి. అడుగవలసిన ప్రశ్న అదియే. తండ్రినుండి కొడుకునకు మాత్రమే సంక్రమించు వై క్రోమోజోము గోత్రమువలెనే నడచునని మనవారు మురియుచున్నారు గాని, గోత్రము దత్తత నంగీకరించును, క్రోమోజోము అంగీకరింపదు. బేతవోలును తన తండ్రి పేర జగ్గయ్యపేటగా వెలయించిన జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు, అంతటి పితృభక్తి కలవాడయ్యును కన్నకొడుకులు లేక, జగన్నాథబాబును, అతడు జీవించియుండగనే రామనాథబాబును దత్తు చేసికొనగా, వారి వారసత్వపు వ్యాజ్యము ఇచ్చటి కోర్టులు దాటి, సముద్రములు దాటి, లండను ప్రివీ కౌన్సిలు కెక్కి, మొదటి దత్తుడుండగా రెండవ దత్తత చెల్లదని 1846లో తీర్పయినది. ఇట్టి వంశమున ఉమ్మి పరీక్ష ఏమి తేల్చును? దత్తుడు జ్ఞాతికుమారుడైనచో దత్తత జరిగినట్లే దానికి కనబడదు. పరగోత్రుడైనచో పెంచి, ఉపనయనమో వివాహమో చేసి, ఆస్తి నిచ్చిన తండ్రినే కాదనును. పది తరములు వెనుకకు పోయిన లెక్కకు వచ్చు 1,024 పూర్వస్థానములలో ఒక్కదానిని మాత్రమే ఎరిగిన సాక్షికి ఇంత పెత్తనమేల? (పాపము, మాతామహులెవ్వరును దాని పద్దులో లేరు.) ఆ జగ్గయ్యపేట బౌద్ధ స్తూపపు ఆయక స్తంభములపై శాసనములలోనే, ఇక్ష్వాకు ప్రభువు వీరపురుషదత్తుడు తల్లిని ముందిడుకొని మాఠరీపుత్రుడుగా నిలిచియున్నాడు.