పిల్లల రాత్రి వాంతులు: మందు సీసా కన్నా ముందు ఇంటి వేళలు చూడండి

పిల్లవాడు సాయంత్రం దాకా ఆడుకున్నాడు. తిన్నాడు, పడుకున్నాడు. రాత్రి రెండు గంటలకు లేచి పక్కమీదే వాంతి చేసుకున్నాడు. తెల్లవారేసరికి ఏమీ ఎరగనట్టు బడికి తయారయ్యాడు. మూడు వారాలకో, నెలకో మళ్లీ అదే తంతు. మన అంకులిలోనే కాదు, ఏ పేటకు వెళ్లినా ఇలాంటి పిల్లలు ఒకరిద్దరు కనబడతారు. నానీమా నజర్ తగిలిందంటుంది. దాదీమా నులిపురుగులంటుంది. అబ్బా బజ్జీల బండి మీద నెపం వేస్తాడు. అమ్మీ మాత్రం నిద్ర మానుకుని దుప్పట్లు ఉతుకుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కారణం తెలియకముందే ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పడం ఒక పొరపాటు. వాంతి అయిన ప్రతిసారీ దుకాణంలో అడిగి తెచ్చిన సిరప్ తాగించడం అంతకన్నా పెద్ద పొరపాటు. వాంతులు ఆపే కొన్ని మందుల వల్ల పిల్లల మెడ, కళ్లు ఒక పక్కకు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. డాక్టరు రాయనిదే వాటిని ఇవ్వకూడదు.

దుఆ చేయండి, తప్పకుండా చేయండి. కానీ దుఆ చేసి ఊరుకోమని దీన్ చెప్పలేదు. చికిత్స చేయించుకోమని కూడా ప్రవక్త (స) ఆదేశించారు.

యునానీ ఏమంటుంది?

యునానీ వైద్యంలో వాంతిని ‘ఖై’ అంటారు. అది జబ్బు కాదు, జబ్బు చూపే గుర్తు. ఇబ్నె సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్’లో పిల్లల మిజాజ్ వేడి, తేమ కలిసినదన్నారు. ఆరోగ్యం నిలవాలంటే ఆరు విషయాలు సరిగా ఉండాలని మన హకీములు చెబుతారు. వాటినే ‘అస్బాబె సిత్తా జరూరియా’ అంటారు: గాలి, అన్నపానాలు, శరీరానికి శ్రమ–విశ్రాంతి, మనసుకు కలత–నెమ్మది, నిద్ర–మెలకువ, విసర్జన–నిలుపుదల. రాత్రి వాంతులు చేసుకునే పిల్లల విషయంలో ముందు చూడాల్సింది ఈ ఆరే. జవారిష్ సీసా ఆ తర్వాతి మాట.

మన ఇళ్ల సంగతి చూడండి. కొట్టు కట్టేసి అబ్బా వచ్చేసరికి రాత్రి పది. అందరూ కలిసి తినాలని పిల్లల్ని అంతదాకా కూర్చోబెడతాం. తిన్న పావుగంటకే వాళ్లు పడుకుంటారు. నిండిన కడుపుతో వెల్లకిలా పడుకుంటే తిన్నది పైకి ఎగదన్నుతుంది. పెళ్లి దావత్‌లలో పదకొండు గంటలకు వడ్డన. రమజాన్‌లో ఇఫ్తార్ పకోడీలు, ఆపైన తరావీహ్ తర్వాత మరో భోజనం. కడుపులో మూడో వంతే అన్నానికి అన్న ప్రవక్త (స) బోధ మనకందరికీ తెలుసు. పిల్లల కంచం దగ్గర మాత్రం మరచిపోతాం.

బిర్యానీ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మధ్యాహ్నం దావత్‌లో కట్టించుకున్న పొట్లాన్ని రాత్రి దాకా బయటే ఉంచితే, ఆ అన్నంలో పెరిగే ఒక రకం బాక్టీరియా విషాన్ని తయారుచేస్తుంది. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. తెచ్చిన వెంటనే తినండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టండి.

కడుపు మరీ ఖాళీగా ఉన్నా కొందరు పిల్లలకు తెల్లవారుజామున వికారం పుడుతుంది. తినకుండా నిద్రపోయే పిల్లవాడికి కనీసం కొంచెం పాలన్నమో, అరటిపండో పెట్టండి. ఇలా తరచూ వాంతులయ్యే చిన్న పిల్లల్ని ముచ్చటకు రోజా పెట్టించకండి. యుక్తవయసు రాని వారికి రోజా విధి కాదు.

అన్నీ కడుపు జబ్బులు కావు

దగ్గుతో మొదలై బల్గం కక్కితే చూడాల్సింది ఉబ్బసం, జలుబు. ఒకే తీరులో, ఒకే వేళకు, గంటల తరబడి వాంతులయి, మధ్య రోజుల్లో పూర్తిగా బాగుండే జబ్బు వేరే ఉంది. దాన్ని 1882లో లండన్ వైద్యుడు శామ్యూల్ జీ వర్ణించారు. ఇప్పుడు ‘సైక్లిక్ వామిటింగ్’ అంటున్నారు. ఇంట్లో ఎవరికైనా పార్శ్వపు నొప్పి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఈ రెంటికీ సంబంధం ఉంది.

మరో రకం మూర్ఛ ఉంది. ఎక్కువగా మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్లో, నిద్రలో వస్తుంది. ముఖం పాలిపోతుంది, వాంతి అవుతుంది, కళ్లు ఒక పక్కకు తిరుగుతాయి, పిలిస్తే పలకరు. దీన్ని అజీర్తి అనుకుని ఏళ్లు గడిపేస్తే నష్టపోయేది పిల్లవాడే. అలాంటప్పుడు పిల్లవాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీయండి. వంద మాటల కన్నా అది డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

ఆగకూడని గుర్తులు

పచ్చని పసరు వాంతి, రక్తం, కడుపు ఉబ్బు, కుడివైపు కింద తగ్గని నొప్పి. పొద్దున్నే తలనొప్పితో వాంతి, నడకలో తూలడం, కొత్తగా మెల్లకన్ను. విపరీతమైన దాహం, ఎక్కువసార్లు మూత్రం, బరువు తగ్గడం (ఇవి చక్కెర జబ్బు గుర్తులు). ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, మగత. వీటిలో ఏ ఒక్కటి కనబడినా హకీం దగ్గరికి కూడా వద్దు. 108కి ఫోన్ చేసి ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆస్పత్రికి వెళ్లండి. ఇలాంటి పిల్లవాణ్ణి తన దగ్గరే ఉంచుకునే హకీం యునానీకి మేలు చేయడం లేదు.

ఇంట్లో చేయగలిగింది

వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, ఓఆర్‌ఎస్ నీళ్లు ఒక్కో చెంచా చొప్పున నిమిషానికోసారి పట్టండి. పాకెట్ మీద రాసినంత నీటిలోనే కలపండి. అది దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలగొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు చాలు. 1971 యుద్ధ సమయంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగుల్ని ఇలాంటి నీళ్లతోనే బతికించారు. దీన్ని చిన్నచూపు చూడకండి. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపకండి.

కాస్త తెరిపిన పడ్డాక పుదీనా, సోపు కాచిన నీళ్లు, దానిమ్మ రసం కొద్దిగా ఇవ్వవచ్చు. ఇవి మేదాకు బలమని మన సంప్రదాయం. ఏడాది నిండని బిడ్డకు తేనె వద్దు, అందులో ప్రమాదం ఉంది. జవారిష్ అనారైన్ లాంటివి చదువుకున్న హకీం వయసు చూసి మోతాదు చెబితేనే వాడాలి. కుష్తాలు, పేరు లేని పొడులు పిల్లలకు అసలు వద్దు. నులిపురుగుల మందు బడిలోనూ అంగన్‌వాడీలోనూ ఉచితంగా ఇస్తున్నారు, ఇప్పించండి.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. వాంతి అయిన తేదీ, వేళ, రంగు, ఆ సాయంత్రం ఏం తిన్నాడు, ఎన్నింటికి పడుకున్నాడు, జ్వరం, తలనొప్పి ఉన్నాయా రాయండి. మనం వాంతి అన్నా, ఒడియాలో బాంతి అన్నా డాక్టరు అడిగేవి ఇవే. రాత్రి భోజనం పిల్లలకు ఎనిమిదిలోపు పెట్టండి. తిన్నాక రెండు గంటలు గడిచాకే పడుకోబెట్టండి. ఒక నెల ఇలా చేసి చూడండి. వాంతులు తగ్గితే అల్‌హందులిల్లాహ్. తగ్గకపోతే ఆ పుస్తకం చేతపట్టుకుని పిల్లల డాక్టరును కలవండి. ఆ పూట ఇంట్లో ఎవరు ఏ కారణం చెప్పినా ప్రయాణం మాత్రం మానకండి.