వోచరు లేని కష్టాలు

అమెరికాలో చాలా కాలేజీలకు కామన్ అప్లికేషన్ ద్వారా దరఖాస్తు చేసే పిల్లలు 250 నుంచి 650 పదాల్లో తమ గురించి ఒక వ్యాసం రాయాలి. ఇక్కడ దానికీ సలహాదారులు వెలిశారు. మా తమ్ముడి మనవరాలికి ఒకాయన చెప్పిందేమిటంటే, అనాథాశ్రమంలో పాఠాలు చెప్పి జీవితమే మారిపోయినట్టు రాయమని. ఆ పిల్ల ఏ ఆశ్రమం గడపా తొక్కలేదు. డిఫెన్స్ అకౌంట్స్‌లో బిల్లులు చూసి రిటైరైనవాణ్ణి, వోచరు లేని ఖర్చు పాస్ చెయ్యలేను.

పిల్ల దగ్గర అసలు సరుకు వేరే ఉంది. వాళ్ళన్న వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడిలో ఇంటిల్లిపాదీ 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నారు. వచ్చాక 108. ‘తిరిగినా వీసా రానివాళ్ళ లెక్క ఎవరు రాస్తారు తాతయ్యా?’ అని అందరి ముందూ అడిగింది. నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. ఒక నమ్మకాన్ని ప్రశ్నించిన సందర్భం గురించి రాయమని ఆ దరఖాస్తులోనే ఒక అంశం ఉంది మరి!

దేవుణ్ణి తిట్టినట్టవుతుందని వాళ్ళమ్మ భయం. తిట్టనక్కర్లేదు. (నాస్తికుణ్ణని చాటుకుంటే వ్యాసమైపోదు, మన మిత్రులు కొందరికీ ఇది చెప్పాలి.) ఆ 108 తనూ తిరిగిందట, కాళ్ళు పీకేదాకా. అదీ రాయమన్నాను.