మెదడు చివరి ఆయకట్టుకు రక్తం అందుతోందా?

అరవై దాటిన అమ్మకో నాన్నకో తల తిరుగుతోందని ఎమ్మారై తీయిస్తే, రిపోర్టులో ‘వైట్ మ్యాటర్‌లో మార్పులు’ అన్న వాక్యం తరచూ కనిపిస్తుంది. ‘వయసుతో వచ్చేదేలెండి’ అనుకుని ఫైలు బీరువాలో పెట్టేస్తాం. ఆ వాక్యాన్ని అంత తేలిగ్గా తీసుకోకూడదు. దాని వెనక ఉన్నది చాలాసార్లు వయసొక్కటే కాదు, బీపీ కూడా.

మెదడులో ఆలోచించే కణాలుండే భాగం గ్రే మ్యాటర్. వాటిని ఒకదానితో ఒకటి కలిపే తీగల కట్టలే వైట్ మ్యాటర్. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే ఈ పోగులకు మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. సంకేతాలు వేగంగా వెళ్లేది దానివల్లే.

శరీర బరువులో మెదడు 2 శాతమే. వాడుకునే ఆక్సిజన్ మాత్రం దాదాపు 20 శాతం. అయితే రక్తం అన్నిచోట్లకూ ఒకేలా అందదు. లోపలి వైట్ మ్యాటర్‌కు రక్తం తెచ్చేవి పొడవాటి, అతి సన్నని నాళాలు. కాలువ చివరి పొలాల పరిస్థితి దానిది. పైన కాస్త తగ్గితే ముందు ఎండేది అక్కడే. పక్క కాలువ నుంచి మళ్లించుకునే వీలూ తక్కువే.

బీపీ ఎక్కువైతే రక్తం ఇంకా ఎక్కువగా వెళ్లాలి కదా అని మీకు అనిపించవచ్చు. జరిగేది దానికి రివర్స్. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికి సన్న నాళాల గోడలు మందమై గట్టిపడతాయి, లోపలి దారి ఇరుకవుతుంది. షుగర్, సిగరెట్ తోడైతే మరీను. మైలిన్‌ను తయారుచేసే కణాలు ఈ కొరతను తట్టుకోలేవు. తొడుగు పాడై సంకేతం నెమ్మదిస్తుంది.

అందుకే ఈ సమస్య ‘అన్నీ మర్చిపోతున్నారు’ అన్నట్టు మొదలవదు. బ్యాంకు పని రెండు నిమిషాల్లో తేల్చుకొచ్చే మనిషి ఫారం ముందు తటపటాయిస్తారు. పేరు వెంటనే గుర్తురాదు, చిన్న క్లూ ఇస్తే చెప్పేస్తారు. అడుగులు చిన్నవవుతాయి. మూత్రం ఆపుకోలేకపోతారు. దేనిమీదా ఆసక్తి ఉండదు. ఇంట్లోవాళ్లు దీన్ని బద్ధకం అనుకుంటారు, పాపం.

మరి బీపీ తగ్గిస్తే ఫలితం ఉంటుందా? అమెరికాలో షుగర్ లేని, 50 ఏళ్లు దాటిన 9,361 మందిపై చేసిన ‘స్ప్రింట్’ పరిశోధనలో పై అంకె 140లోపు ఉంచినవారికంటే 120లోపు ఉంచినవారిలో డిమెన్షియాకు ముందు దశ 19 శాతం తక్కువగా కనిపించింది. కొందరికి ఎమ్మారై తీసి చూస్తే వైట్ మ్యాటర్ మచ్చలూ తక్కువగానే పెరిగాయి. డిమెన్షియా మాత్రం కచ్చితంగా తగ్గిందని అప్పుడు తేలలేదు. ఆ లోటును 2025లో చైనా అధ్యయనం తీర్చింది. 326 గ్రామాల్లో దాదాపు 34 వేల మందిపై జరిగిన ఆ అధ్యయనంలో సగం గ్రామాల్లో పెద్ద డాక్టర్లు కాదు, ఊరి వైద్యులే బీపీని 130/80లోపు ఉంచేలా మందులిచ్చారు; మిగతా గ్రామాల్లో మామూలు వైద్యమే. వాటితో పోలిస్తే నాలుగేళ్లలో డిమెన్షియా 15 శాతం తక్కువగా కనిపించింది.

నా దృష్టిలో మనకు పనికొచ్చే అసలు సంగతి ఆ ఊరి వైద్యులే. తెలుగు రాష్ట్రాల్లో ప్రతి నలుగురు పెద్దల్లో ఒకరికి పైగా బీపీ ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. బీపీ మాత్రలేమో ఖరీదైనవి కావు. కొరత ఉన్నది నెలనెలా బీపీ చూసి, మాత్ర ఆపేసినవారిని అడిగే మనిషికే. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ వస్తున్నప్పుడు ఈ పని అసాధ్యమేమీ కాదు. ఎమ్మారైలు, జ్ఞాపకశక్తి టానిక్కుల మీద పెట్టే ఖర్చులో కొంత ఇంట్లో మంచి బీపీ మిషన్ మీద పెట్టండి.

ఒక జాగ్రత్త. చివరి పొలాలకు అతి తక్కువ ఒత్తిడీ నష్టమే. లేవగానే కళ్లు తిరిగే పెద్దవారికి డోసు మీరే పెంచొద్దు, మీరే ఆపొద్దు. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డ మూడు నిమిషాల్లోపు మరోసారి బీపీ చూడమని డాక్టర్‌ను అడగండి.