అరుగుమీది ఆటలు

జాతి సంపదను లెక్కించునపుడు మనము కావ్యములను లెక్కింతుము, కోవెలలను లెక్కింతుము, శిలాశాసనములను లెక్కింతుము. అరుగుమీద సుద్దముక్కతో గీచిన గళ్లను లెక్కించువారు లేరు. వాన కురిసిన అవి చెఱిగిపోవును. మఱునాడు పిల్లలు మరల గీయుదురు. తాతలనాటినుండి అట్లు చెఱుగుచు, మరల గీయబడుచు ఆ గళ్లు నిలిచివచ్చినవి. ఇప్పుడు చెఱుగుట మిగిలి, గీయుట తగ్గిపోవుచున్నది. ఈ వారము మేము చదువరుల దృష్టికి తేదలచిన విషయ మిదియే.

అష్టాచెమ్మా, పులిమేక, వామనగుంటలు, వైకుంఠపాళి: ఈ పేర్లు విననివారు మనలో అరుదు. కాని ఏ పఠనమందిరమునందైన పత్రిక చదువుచున్న పదిమందిని పులులెన్ని, మేకలెన్ని, మేక ఎప్పుడు కదలవచ్చును అని అడిగిచూడుడు. పేరు తెలిసినవారందఱును విధి చెప్పలేరు. విధి పోయి పేరు మిగిలిన ఆట, దస్తావేజు పోయి పేరు మిగిలిన మాన్యము వంటిది. కావున మా అభిప్రాయమును మొదటనే విన్నవించుచున్నాము. ఈ ఆటల విధులను ఇంటింట అడిగి వ్రాసి అచ్చువేయవలెను. వాని పలకలను ప్రతి గ్రంథాలయమునందును ఉంచవలెను. చెప్పినమాట చేసి చూపుట న్యాయము గనుక, మూడు ఆటల విధమును ఇచ్చటనే వ్రాయుచున్నాము.

పులిమేకకు ఇద్దఱు కావలెను. పైన ఒక కొన. అందుండి నాలుగు ఏటవాలు గీతలు దిగి అడుగుగీతను చేరును. నడుమ మూడు అడ్డగీతలు ఆ నాలుగింటిని ఖండించుచు ఇరుప్రక్కలకు సాగును. ఆ మూడింటి చివరలను కుడియెడమల ఒక్కొక్క నిలువుగీత కలుపును. కొన 1, అడ్డగీతలపై ఆరేసి చొప్పున 18, అడుగున 4, వెరసి 23 స్థానములు. పులులు 3, మేకలు 15. పులులను ముందుగా పైభాగమున నిలుపుదురు. తరువాత ఒకరు ఒక మేకను పెట్టుట, రెండవవారు ఒక పులిని గీతవెంట ప్రక్కస్థానమునకు జరుపుట. 15 మేకలును దిగువఱకు ఏ మేకయు కదలరాదు. మేకకు ఆవల అదే వరుసలోని స్థానము ఖాళీగా నున్నచో పులి దానిపైనుండి దూకి చంపును. మేకకు చంపు శక్తి లేదు. మూడు పులులకును కదలుటకు చోటు లేకుండ చుట్టుముట్టుటయే మేకల గెలుపు. ఎన్ని మేకలు పోయిన పులుల గెలుపగునో ముందుగా ఒప్పుకొందురు. విడివడిన మేక పులినోటిది. వెనుక తోడున్న మేకను పులి ముట్టలేదు. బలహీనుల బలమెక్కడ నున్నదో చెప్పుటకు ఇంతకంటె సులభమైన పాఠము మాకు కనబడదు.

అష్టాచెమ్మాకు నిలువున 5, అడ్డమున 5, మొత్తము 25 గళ్లు. నాలుగు వైపుల నడిమి గళ్లలోను, మధ్యగడిలోను ఒకదానినొకటి ఖండించు రెండు గీతలు వేయుదురు. ఇద్దఱు మొదలు నలుగురు వఱకు ఆడవచ్చును. ఒక్కొక్కరికి నాలుగు కాయలు. పందెము వేయుటకు నాలుగు గవ్వలు. గవ్వలు లేనియింట చింతపిక్కలను ఒకప్రక్క అరగదీసి వాడుదురు. వెల్లకిల పడినవి ఎన్నియో అన్ని గళ్లు నడువవలెను. నాలుగును వెల్లకిల పడిన చెమ్మా, అనగా నాలుగు. నాలుగును బోర్లపడిన అష్టా, అనగా ఎనిమిది. ఈ రెంటిలో ఏది పడినను మరల వేయవచ్చును. కాయను గడిలోనికి దింపుటకును ఇవే కావలెను. కాయ తన యింటినుండి బయలుదేరి వెలుపలి వరుసను ఒకవైపుగా చుట్టి, లోపలి వరుసను ఎదురువైపుగా చుట్టి, మధ్యగడిని చేరును. చేరిన కాయ పండినదందురు. దారిలో ఎదుటివాని కాయ ఉన్న గడికి మన కాయ చేరినచో అది చచ్చి మరల మొదటికి పోవును. గీతలు వేసిన గడిలోనున్న కాయను మాత్రము చంపరాదు. ఒక్క కాయనైన చంపనివానికి లోపలి వరుసలోనికి ప్రవేశము లేదనుట పెక్కిండ్ల నియమము. గవ్వ పడుట అదృష్టము. ఏ కాయను నడుపవలెనో, దేనిని దాచవలెనో తలచుట బుద్ధి. జీవితమునందును ఈ రెండే కదా కలిసి నడచుచున్నవి.

వామనగుంటలకు కఱ్ఱపీటలో రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలు. పీట లేనిచో నేలలో తవ్వినను చాలును. అన్ని గుంటలలోను చింతగింజలను సమముగా నింపి, తనవైపు గుంటలలో ఒకదానిని ఖాళీచేసి, గింజలను ముందుగుంటలలో ఒక్కొక్కటిగా రాల్చుకొనుచు పోవలెను. చేతిలోనివి అయిపోగానే తరువాతి గుంటలోనివి తీసికొని సాగవలెను. ఆ గుంట ఖాళీయైనచో దాని ఆవలి గుంటలోని గింజలు ఆడినవారి వశమగును, పందెము ఎదుటివారిది. ఎక్కువ గింజలు గెలిచినవారిది గెలుపు. ఎన్ని గింజలు ఎచ్చట అయిపోవునో కన్నులతోనే లెక్కించు అలవాటు దీనివలన కలుగును. పలక పట్టి పెద్దబడికి పోని అవ్వలు నోటిలెక్కలో మనలను మించియుండుట కిదియు నొక కారణమని మా తలంపు.

ఈ ఆటలు పొరుగుదేశములకు పోయి ఏమైనవో చూడుడు. ఫతేపూరు సిక్రీలో అక్బరు కోట ప్రాంగణమున నేటికిని పచ్చీసు పట్టము నేలపై కనబడుచున్నది. ఆ పచ్చీసు అమెరికాలో పార్చీసీయను పేర 1874లో వ్యాపారచిహ్నముగా నమోదయినది. ఇంగ్లండులో గవ్వలు పోయి పాచిక వచ్చి, 1896లో లూడో అను పేర పేటెంటు పొందినది. మన వైకుంఠపాళి పుణ్యపాపముల పేర్లు విడిచి, పాములును నిచ్చెనలును మాత్రము మిగుల్చుకొని, పందొమ్మిదవ శతాబ్దము చివర ఆంగ్లేయుల యిండ్ల చేరినది. ఇందులకు మేము పరదేశీయులను నిందింపము. వారు చేసినది ఒక్కటే: విధిని వ్రాసి, అచ్చువేసి, పెట్టెలో పెట్టిరి. మన మాపని చేయలేదు. నేడు మన పిల్లలు అంగడిలో లూడోను కొని తెచ్చుకొనుచు, అది తమ ముత్తవ్వ ఆట యని యెఱుగరు.

విధి వ్రాసినవానిదే ఆటపై పెత్తనము. చదరంగము మన చతురంగమునుండి పుట్టి, పారశీకమునకు, అరబ్బుదేశములకు, యూరోపునకు పోయినది. అచ్చట పదునైదవ శతాబ్దము చివర మంత్రికి బలము పెరిగినది. ఆ మార్పులు గ్రంథస్థములై లోకమంతటికిని శాసనములైనవి. పంజాబునుండి 1929లో ఇంగ్లండునకు పోయిన మీర్ సుల్తాన్ ఖాన్ దేశీయవిధినే నేర్చినవాడు. అయినను ఆ కొత్తవిధిని అలవరచుకొని 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు ఛాంపియను అయ్యెను. ప్రపంచ చదరంగ సమాఖ్య అతనికి గౌరవ గ్రాండ్‌మాస్టరు బిరుదమిచ్చినది 2024లో, అతడు మరణించిన 58 ఏండ్లకు. కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టరు కాగలిగినను, తెలుగింట పుట్టి చెన్నపట్టణమున పెరిగిన గుకేశ్ 2024లో ప్రపంచ విజేత కాగలిగినను, అందులకు వారి ప్రతిభతోపాటు చదరంగపు వ్రాతసంపదయు కారణమే. ఎత్తులన్నియు కాగితముపై నున్నవి గనుక ఒకరి ఆటను మఱియొకరు చదివి నేర్వగలరు. పులిమేకలో ఎందఱు మేధావులు పుట్టి గిట్టిరో చెప్పుటకు ఒక్క పుటయు లేదు.

ఆధునికుల ఆటలనుండియు నేర్వదగినది కలదు. భూస్వామ్యపు గుత్తాధికారము ఎట్లు పదిమందిని దివాలాతీయించునో చూపదలచి, అమెరికాలో ఎలిజబెత్ మాగీ యను వనిత ఒక పట్టమును కల్పించి 1904లో పేటెంటు పొందినది. అదియే కొంత రూపుమాఱి 1935లో మోనోపలీగా విక్రయమునకు వచ్చినది. ఆమె ఉపదేశము మఱుగుపడి, ఇండ్లుకట్టి అద్దెలు గుంజుట మాత్రము మిగిలినది. 1995లో జర్మనీలో క్లౌస్ టాయ్‌బర్ కల్పించిన కటాన్ వేఱొక రీతిది. ఆఱు కోణముల పలకలు పేర్చి ద్వీపము నేర్పఱతురు. పాచికల సంఖ్యనుబట్టి కఱ్ఱ, ఇటుక, ఉన్ని, ధాన్యము, ఖనిజము లభించును. వానితో బాటలును ఊళ్లును కట్టి, లేనిదానిని తోటివారితో మార్చుకొని, ముందుగా 10 పాయింట్లు కూర్చుకొన్నవాడు గెలుచును. మంచివానిని మన బల్లమీదికి ఆహ్వానింపవలసినదే. కాని అతిథికి పీట వేయుటకై ఇంటివారిని వీధిలోనికి పంపుట మర్యాద కాదు.

ఇది జూదమునకు ద్వారము తెఱచుట కాదా యని కొందఱు పెద్దలు శంకింతురు. శంక అకారణము కాదు. కౌరవసభలో పడిన పాచికలను మన జాతి మఱవలేదు. కాని చట్టము చిరకాలముగా ఒక గీత గీచియున్నది. 1867నాటి జూద చట్టమే కేవలము నైపుణ్యముచే ఆడు ఆటలను మినహాయించినది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు వ్యాజ్యమున 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానముగా నైపుణ్యపు ఆటయే యని తీర్పు చెప్పినది. అయినను ఫోనులలో డబ్బొడ్డి ఆడి కుటుంబములు గుల్లయగుట చూచి తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను చట్టములను బిగించినవి. 2025లో పార్లమెంటు, నైపుణ్యమైనను అదృష్టమైనను, ఆన్‌లైనులో డబ్బు పందెపు ఆటలను నిషేధించుచు చట్టము చేసినది. కీడు గవ్వలో లేదు, ఒడ్డిన రొక్కములో నున్నది. పఠనమందిరపు గోడమీద “ఇచట పైసా పందెము లేదు” అని వ్రాసియుంచిన చాలును.

అన్ని ఆటలును ఫోనులో నున్నవికదా యని యువకులు అందురు. ఉన్నవి. కాని అచ్చట యంత్రమే లెక్కించును, యంత్రమే తప్పుపట్టును, యంత్రమే తీర్పు చెప్పును. అరుగుమీది ఆటలో తీర్పరి లేడు. గవ్వ ఒరిగి పడినచో అది వెల్లకిలయో బోర్లయో ఆడువారే తేల్చుకొనవలెను. వాదింపవలెను, ఒప్పుకొనవలెను, ఓడి నవ్వవలెను. తాము ఒప్పుకొన్న విధికి తామే లోబడుట స్వపరిపాలనకు మొదటి బడి. పదేండ్ల పిల్లవాడు ఆ బడిని అరుగుమీదనే పూర్తిచేయుచుండెను. న్యాయస్థానములలో పగలెల్ల గడపు మావంటివారికి ఆ చదువు లేమి ఎంత ఖరీదైనదో నిత్యము కనబడుచున్నది.

ఊరికొక విధి, ఇంటికొక నియమము. ఏది వ్రాయుదుమని అడుగవచ్చును. అన్నియు వ్రాయవలెను. స్థానికాచారమును రుజువు చేసినచో న్యాయస్థానము మన్నించును. ఆటకు మాత్ర మేల మన్నన యుండరాదు? మైసూరు ప్రభువు మూడవ కృష్ణరాజ ఒడయరు పందొమ్మిదవ శతాబ్దమున తన శ్రీతత్త్వనిధిలో కౌతుకనిధి యను భాగమును ఆటలకే కేటాయించెను. ప్రభువొక్కడు చేసిన పనిని ప్రజ లందఱు కూడి చేయలేరా?

పని పెద్దది కాదు. బడిపిల్లలకు ఈ సెలవులలో ఒక్కటే పాఠ మీయవలెను: ఇంటిలో అవ్వను కూర్చుండబెట్టి, ఆమె ఆడిన ఆట విధిని ఆమె మాటలలోనే వ్రాసి, గడులను గీచి, ఊరిపేరుతో గ్రంథాలయమున నీయవలెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1914లో బెజవాడ కేంద్రముగా గ్రంథాలయ సంఘమును నెలకొల్పిన జాతికి ఇది భారము కాదు. కాయలకు పరదేశపు ప్లాస్టికేల? కొండపల్లి పొణికికఱ్ఱ యున్నది, ఏటికొప్పాక లక్కపని యున్నది. ఆ చేతులకు పనియు దొరకును. పలక లేనిచోట సుద్దముక్క చాలును.

హంపీ రాతిబండలమీద పూర్వులు ఆటలకై చెక్కిన గడులు నేటికిని ఉన్నవి. రాయి గీతను కాపాడగలదు, విధిని కాపాడలేదు. విధి తెలిసిన అవ్వలు ఏటేట తగ్గుచున్నారు. చదువరులు ఈ పత్రికను మడిచిన తరువాత, ఇంటిలో పెద్దవారున్నచో వారి చెంత కూర్చుండి మొదటి ప్రశ్న అడుగుదురుగాక.