పాతకంప్యూటరును పాఱవేయుదమా?

పిట్లములోని మా యింట పండ్రెండేండ్లనాఁటి డెస్క్‌టాపు కంప్యూటరొకటి కలదు. అది తెఱచుకొనుటకే యైదు నిమిషములు పట్టుచుండెను. బాగుచేయువాఁడొకఁడు చూచి, "తూకమున కమ్మి క్రొత్తది కొనుఁడు" అనెను. అమ్మాయి చదువును, ఇంటి ఛాయాచిత్రములును అందే యున్నవి. వాని నెవరి చేతిలోఁ బెట్టుదుము?

లోపము హార్డుడిస్కునందున్నది. అందు గ్రామఫోను పళ్లెమువలె బిళ్ల తిరుగవలెను; ఎస్.ఎస్.డి.లో తిరుగున దేదియు లేదు. హైదరాబాదు పోయినవారిచేత సికింద్రాబాదు చెనాయి ట్రేడు సెంటరునుండి 256 జీ.బీ.ల దొకటి తెప్పించితిమి. ఛాయాచిత్రములను వేఱొకచోట దాఁచి, పిమ్మట దానిని బిగింపించితిమి. ఇప్పుడు అరనిమిషము చాలును.

ర్యాము కొనునపుడు పాతపలకను వెంటఁ గొనిపోవుఁడు. డీ.డీ.ఆర్.3 పలక గంటొకచోట, డీ.డీ.ఆర్.4 గంటు వేఱొకచోట నుండును. ఒకదాని గాడిలో నొకటి దిగదు. కరెంటు తీసినప్పుడెల్ల గడియారము తప్పుచున్నచో, బోర్డుమీఁది సీ.ఆర్.2032 బిళ్లను మార్చి చూడుఁడు. ప్లగ్గు తీయక పెట్టె తెఱవరాదు సుమా!

ఒక చిక్కు మిగిలెను. విండోస్ 10కి సాధారణ రక్షణసవరణలు 2025 అక్టోబరు 14తో నిలిచినవి. 11వది మా పాత ప్రాసెసరును అంగీకరింపదు. లినక్సు పెట్టించితిమి. అమ్మాయి మొదట మూతి ముడిచినది. ఇప్పు డందే తెలుగు టైపు చేయుచున్నది.