మా క్రొత్త పిస్తోలు

గురి సాధనకై లైసెన్సు పొంది కొనిన .22 పిస్తోలును మేము పోచారమునుండి నగరములోని షూటింగు రేంజికి గొనిపోయి మొన్న తొలిసారి కాల్చితిమి. చెవులు కప్పుకొనినను మ్రోత గుండెను తాకినది. చేతికి దగిలిన అదటు మాత్రము రోకటిపోటులో సగమైన లేదు. అట్లని చులకన సేయరాదు. రెండున్నర గ్రాముల ఆ సీసపు తూటా అడ్డు లేనిచో మైలునకు మించి పోగలదు.

కష్టమంతయు ట్రిగ్గరుకడనే యున్నది. గుంజినచో కుడిచేతివారి తూటా తఱచుగా దిగువకు, ఎడమకు దొలగును. జంతికల గొట్టము నొక్కు బలమిచట పనికిరాదు; ముగ్గుపిండి వదలు వ్రేళ్ల నిదానము కావలెను. ఆ నేర్పు సోదరీమణులకు క్రొత్త గాదు గదా!

25 మీటర్ల స్త్రీల పోటీలో వాడునదియు .22 పిస్తోలే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మన హైదరాబాదు బాలిక ఈషా సింగ్ పదునెనిమిదేండ్లకే ఆ పోటీయందు రజతమును, మను భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో గూడి జట్టు స్వర్ణమును గెలిచినది.

రేంజిలోనే పిస్తోలు ఖాళీ చేసి, కన్నులార చూచుకొని, యింట నొక పెట్టెలో దానిని, వేఱొక పెట్టెలో తూటాలను ఉంచి తాళములు వేసితిమి. పిల్లలున్న యిల్లు, తాళపుచెవులు మా కొంగుననే యున్నవి.